వాడేవారికి వాటా: పాతికేళ్లుగా తెగని లెక్క

తన 2014 ప్రకటనల ఆదాయంలో పదో వంతును సభ్యులు ఎంచుకున్న సేవాసంస్థలకు పంచుతామని అమెరికాకు చెందిన చర్చావేదిక వెబ్‌సైట్ రెడిట్ ఆ ఏడాది మాటిచ్చింది. మరుసటి ఏడాది సభ్యులు ఓట్లు వేసి పది సంస్థలను ఎంపిక చేయగా, ఒక్కోదానికి 82,765 డాలర్ల 95 సెంట్లు అందాయి. సెంట్లతో సహా సాగిన ఆ పంపకాన్ని ముందుగా ప్రస్తావించడానికి కారణం ఉంది: సోషల్ మీడియా సంపాదనను జనంతో పంచుకోవడం ఆచరణలో కుదరదనే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. అయితే ఆ సొమ్ము సంస్థ ఇష్టపడి ఇచ్చినదే తప్ప, హక్కుగా ఎవరికీ రాలేదు. పేచీ మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఈ వాటా గొడవ చాలా ముందే కోర్టుకెక్కింది. 1990లలో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ చాట్ రూములను వేల మంది వలంటీర్లు చూసుకునేవారు. తగాదాలు సర్దినందుకూ, కొత్తవారికి దారి చూపినందుకూ వారికి దక్కింది గంటల లెక్కన కట్టాల్సిన కనెక్షన్ రుసుములో రాయితీ. 1996 డిసెంబరులో ఆ సంస్థ నెలకు ఒకే రుసుము పద్ధతికి మారడంతో ఆ రాయితీకి పెద్దగా విలువ లేకుండా పోయింది. తాము చేసింది ఉద్యోగమేనని, కనీస వేతనం రావాలని 1999లో ఇద్దరు మాజీ వలంటీర్లు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో వేసిన దావా, 2010లో కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసింది.

అదే ఏఓఎల్ 2011లో వార్తల వెబ్‌సైట్ హఫింగ్టన్ పోస్ట్‌ను 31.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, అక్కడ పైసా తీసుకోకుండా రాసిన బ్లాగర్ల తరఫున పదిన్నర కోట్ల డాలర్ల దావా పడింది. డబ్బు రాదని తెలిసే రాశారు కాబట్టి ఇప్పుడు అడగడానికి వీల్లేదని 2012 మార్చిలో కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ తమ రాతలన్నీ కలిసి ఒకనాడు ఎంత ధర పలుకుతాయో రాసేనాటికి వారికి తెలిసే వీలే లేదు.

యూట్యూబ్ దారి వేరు. ఏ ప్రకటన ఏ వీడియో మీద పడిందో లెక్కగట్టగలిగింది కాబట్టి 2007లోనే పార్ట్‌నర్ ప్రోగ్రామ్ తెచ్చింది; పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో ఛానల్ వాటా 55 శాతంగా స్థిరపడింది. 2023 ఫిబ్రవరి నుంచి చిన్న వీడియోలైన షార్ట్స్‌కు 45 శాతం వస్తోంది. కానీ 2018లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాల్సిందేనని నిబంధన మార్చగానే చిన్న ఛానళ్ల ఆదాయం ఆగిపోయింది. ఇచ్చేదెంతో, ఎవరికో తేల్చేది సంస్థే.

ఆ వాటా ఊరిదాకా చేరిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి. తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి తాత ఆరుబయట కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెలు ఎక్కించి వండిన వంటలు గ్రాండ్‌పా కిచెన్ ఛానల్ ద్వారా ప్రపంచమంతా చూసింది; ఆ భోజనం అనాథ పిల్లల కంచాల్లోకి వెళ్లేది. ఆయన 2019 అక్టోబరులో కన్నుమూశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో బృందం ఊరినే సెట్‌గా, ఊరి మనుషులనే నటులుగా మలుచుకుంది. గంగవ్వ పేరు ఇంటింటికీ తెలిసింది అలాగే. ఆ వీడియోలను నిలబెట్టింది ఊరి యాస, అరుగులు, పొలం గట్లు. అయినా ఛానల్‌కు తప్ప ఊరికంటూ వాటా యూట్యూబ్ నిబంధనల్లో లేదు. ఊరికి తిరిగొచ్చేదంతా ఆ ఛానల్ నడిపేవారి మంచి మనసు మీదే ఆధారపడుతుంది.

రెడిట్ తర్వాతి కథ మరీ బాధ కలిగిస్తుంది. 2014 సెప్టెంబరులో 5 కోట్ల డాలర్ల పెట్టుబడి సేకరించినప్పుడు, అందులో పెట్టుబడిదారుల షేర్లలో 10 శాతం సభ్యులకు చేరేలా చూస్తామని ప్రకటించింది. ఆ పథకం అమలు కాలేదు. 2024 మార్చిలో స్టాక్ మార్కెట్‌కు వచ్చేటప్పుడు మోడరేటర్లకు (చర్చలను అదుపులో ఉంచే వలంటీర్లకు), చురుకైన సభ్యులకు దక్కింది 34 డాలర్ల చొప్పున షేరు కొనుక్కునే వీలు మాత్రమే. ఉచితంగా ఇస్తామన్నది పదేళ్లకు డబ్బిచ్చి కొనుక్కునేదయింది. ఆ మోడరేటర్లు జీతం లేకుండా చేసే పని విలువ ఏటా కనీసం 34 లక్షల డాలర్లని 2022లో అమెరికా పరిశోధకులు అంచనా వేశారు.

ప్రభుత్వాల ప్రయత్నాలు కొద్దే. కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ 2019 ఫిబ్రవరిలో ప్రజలకు డేటా డివిడెండ్, అంటే వారి సమాచారంతో సంస్థలు గడించేదానిలో వాటా, ఇవ్వాలన్నారు; అది చట్టం కాలేదు. మన కేంద్రం 2016లో విదేశీ సంస్థలకు చెల్లించే ఆన్‌లైన్ ప్రకటనల సొమ్ము మీద 6 శాతం సమానీకరణ సుంకం విధించింది. వసూలైనది ఖజానాకు చేరింది గానీ, వాడేవారికో వారి ఊళ్లకో ప్రత్యేకించింది లేదు. ఆ సుంకాన్నీ 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. గనుల విషయంలో మాత్రం 2015లోనే చట్టం సవరించి, రాయల్టీకి అదనంగా ఆ రాయల్టీలో 10 లేదా 30 శాతానికి సమానమైన సొమ్మును జిల్లా ఖనిజ నిధికి జమచేయాలని, దాన్ని తవ్వకాల వల్ల నష్టపోయిన ప్రాంతాల మేలుకే ఖర్చుపెట్టాలని నిర్దేశించారు. ఒక ప్రాంతం నుంచి తీసుకున్నదానిలో ఆ ప్రాంతానికి వాటా ఉంటుందని మన చట్టం ఒప్పుకున్నట్టే కదా. లంబాడిపల్లి లాంటి ఊళ్ల కోసం ఆ మాటను ఇంతవరకు ఏ బిల్లులోనూ రాయలేదు.