వారానికి ఎన్ని గంటలు? డయాలసిస్‌పై ఉన్న గర్భిణుల వెనుక యాభై ఏళ్ల కథ

డయాలసిస్ చేయించుకుంటున్న అమ్మాయి నెల తప్పితే ఆ సంగతి చాలాసార్లు ఎవరికీ వెంటనే తెలియదు, ఆమెకు కూడా. కిడ్నీలు చెడిపోయాక నెలసరి ఎలాగూ సరిగా రాదు. వికారం, వాంతులు, నీరసం ఉంటే మిషన్ ఎక్కే ముందు మామూలేగా అనుకుంటారు. మూత్రం రాని వాళ్లకు ఇంట్లో చేసుకునే పరీక్ష కుదరనే కుదరదు. రక్త పరీక్షను కూడా పూర్తిగా నమ్మలేం. గర్భాన్ని పట్టిచ్చే హెచ్‌సీజీ హార్మోన్‌ను చెడిపోయిన కిడ్నీలు బయటికి పంపలేవు కాబట్టి కడుపు లేకపోయినా ఆ అంకె కాస్త ఎక్కువ చూపించవచ్చు. చివరికి స్కానింగ్‌లో మూడో నెలో నాలుగో నెలో అని తేలుతుంది. అక్కడి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. "ఉంచుకోవచ్చా డాక్టరుగారూ?"

ఈ ప్రశ్నకు డాక్టర్లు చెప్పే జవాబు యాభై ఏళ్లలో చాలా మారింది. ఎందుకు మారిందో తెలియాలంటే మిషన్ పుట్టిన రోజుల నుంచి రావాలి.

నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే ఊళ్లో, యుద్ధం మధ్యలో, 1943లో విల్లెం కోల్ఫ్ మొదటి డయాలసిస్ యంత్రం నడిపాడు. అది కొద్దిరోజుల గండం గట్టెక్కించడానికే పనికొచ్చేది. ఏళ్ల తరబడి రక్తం శుద్ధి చేసుకుంటూ బతకడం 1960 తర్వాతి మాట. ఆ ఏడాది అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాల్లో ఉంచేసే టెఫ్లాన్ గొట్టం తయారుచేశాడు. మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి అక్కడ ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. ప్రాణం నిలిస్తే చాలనుకున్న ఆ రోజుల్లో డయాలసిస్ మీద బిడ్డను కనే ఆలోచన ఎవరికి వస్తుంది?

అయినా 1971లో ఇటలీ నుంచి కబురొచ్చింది. డయాలసిస్ మీద ఉండగానే గర్భం దాల్చిన ఒక స్త్రీ నెలలు నిండి కాన్పు అయిందని కన్ఫోర్టిని బృందం ప్రకటించింది. వైద్య పత్రికల్లో నమోదైన మొదటి కాన్పు అదే. కానీ దాన్ని చూసి డాక్టర్ల ధోరణి మారలేదు. కిడ్నీ జబ్బున్న స్త్రీలకు పిల్లలు పుట్టకుండా చూడటమే డాక్టర్ల తీరుగా ఉండేదని 1975లో లాన్సెట్ పత్రిక సంపాదకీయమే రాసింది. 1980లో యూరప్ దేశాల లెక్కలు వచ్చాయి. తీయించకుండా ఉంచుకున్న గర్భాల్లో బిడ్డ దక్కింది 23 శాతం మాత్రమే. నలుగురిలో ఒక్కరికి కూడా పూర్తిగా కాదు. ఆ అంకె చేతిలో ఉన్న డాక్టరు "వద్దమ్మా" అనడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ 23 శాతాన్ని స్త్రీ శరీరానికి ఉన్న హద్దుగా అందరూ చదువుకున్నారు. నిజానికి అది చికిత్సకు ఉన్న హద్దు. మంచి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. మిషన్ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, అంటే 12 గంటలు. తల్లిని నిలబెట్టడానికి ఆ 12 గంటలు సరిపోవచ్చు. కడుపులో బిడ్డకు సరిపోవు. తల్లి రక్తంలో పేరుకున్న యూరియా అనే వ్యర్థం మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది. దాన్ని వదిలించుకోవడానికి బిడ్డ కిడ్నీలు ఎక్కువ మూత్రం పోస్తాయి. ఉమ్మనీరు పెరిగిపోయి గర్భసంచి సాగి, నెలలు నిండకుండానే నొప్పులు మొదలవుతాయి. రెండు రోజులు ఒంట్లో చేరిన నీటిని నాలుగు గంటల్లో లాగేస్తే బీపీ దభాలున పడిపోతుంది. ఆ క్షణాన మాయకు వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది.

ఈ సంగతి లెక్కలతో చూపించిన వాళ్లలో చికాగో డాక్టర్ సూజన్ హౌ పేరు మొదట చెప్పాలి. ఆమె 1990లలో అమెరికా డయాలసిస్ సెంటర్ల నుంచి గర్భిణుల వివరాలు సేకరించింది. 1998లో వచ్చిన నివేదిక ప్రకారం, పిల్లలు కనే వయసులో డయాలసిస్‌పై ఉన్న స్త్రీలలో నాలుగేళ్లలో సుమారు 2 శాతం మంది గర్భం దాల్చారు. డయాలసిస్ మొదలయ్యాక గర్భం వచ్చిన వాళ్లలో 40 శాతం మందికి బిడ్డ దక్కింది. గర్భం వచ్చాక డయాలసిస్ మొదలైన వాళ్లలో 73 శాతానికి పైగా. వారానికి 20 గంటలు దాటి చేసినవాళ్లకు ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. అప్పటికి ఒంట్లో రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ కూడా వచ్చేసింది. 1989లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. రక్తం ఎక్కించడం తగ్గింది. గర్భంలో ఆ మందు డోసు బాగా పెంచాల్సి వస్తుంది.

అసలు మలుపు కెనడాలోని టొరంటోలో వచ్చింది. 1994లో అక్కడ రాబర్ట్ ఉల్డాల్, ఆండ్రియాస్ పియెరాటోస్ రాత్రి నిద్రలో, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ మొదలుపెట్టారు. గర్భిణుల కోసం పెట్టింది కాదది. కానీ ఆ పద్ధతిలో ఉన్న ఐదుగురు స్త్రీలకు ఏడు గర్భాలు వచ్చి, ఆరుగురు బిడ్డలు ప్రాణాలతో పుట్టారని 2008లో రాశారు. 2014లో మిషెల్ హ్లాడున్యూవిచ్ బృందం టొరంటో గర్భిణులను అమెరికా గర్భిణులతో పోల్చింది. టొరంటోలో సగటున వారానికి 43 గంటలు, అమెరికాలో 17 గంటలు. బిడ్డ ప్రాణంతో పుట్టింది టొరంటోలో 86 శాతం, అమెరికాలో 61 శాతం. కాన్పు టొరంటోలో 36వ వారం దగ్గర, అమెరికాలో 27వ వారం దగ్గర. బిడ్డ ప్రాణంతో పుట్టింది ఇరవై గంటలలోపు చేసినవాళ్లలో 48 శాతం, 36 గంటలు దాటినవాళ్లలో 85 శాతం. ఈ రెండు అంకెలను నేను ఎన్నిసార్లు చదివినా మళ్లీ ఆగి చూస్తాను. గర్భిణుల సంఖ్య చిన్నదే, టొరంటోలో 22 గర్భాలే. అయినా ఇన్నాళ్లూ కుదరదన్నది గంటలు పెంచితే కుదిరింది.

గంటలు పెరిగితే మిగతావన్నీ మారతాయి. డయాలసిస్ ముందు యూరియా నూరు దాటి ఉండటం మామూలే. గర్భిణికి మాత్రం అది డెసిలీటరు రక్తానికి 75 మిల్లీగ్రాములు దాటకుండా చూడమని 2019 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్నాళ్లూ అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పప్పు తగ్గించు అని విన్న మనిషికి ఇప్పుడు డాక్టరే మాంసకృత్తులు బాగా తినమంటాడు. ఫాస్ఫరస్ మరీ పడిపోతే మిషన్ ద్రావణంలో కలపాల్సి వస్తుంది. డ్రై వెయిట్, అంటే అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, మొదటి మూడు నెలల తర్వాత వారానికి 300 నుంచి 500 గ్రాములు పెంచుతూ పోవాలి. ఎదుగుతున్న బిడ్డ బరువును నీరనుకుని లాగేస్తే ప్రమాదం. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు ఆపి, మిథైల్ డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివాటికి మార్చాలి. మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ మాయ దాటదు కాబట్టి దానితో భయం తక్కువ. పుట్టిన బిడ్డ కూడా తల్లి యూరియాతోనే పుడుతుంది. మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువగా పోసి నీరు తగ్గిపోకుండా నవజాత శిశువుల విభాగంలో కనిపెట్టుకోవాలి.

మన దేశంలో గర్భానికీ డయాలసిస్‌కీ పరిచయం వేరే దారిలో జరిగింది. ఇటలీలో ఆ బిడ్డ కబురు వెలువడిన 1971లోనే మనకు ఆసుపత్రిలో గర్భం తీయించుకోవడానికి అనుమతించే చట్టం వచ్చింది. అప్పటిదాకా, ఆ తర్వాత చాలాకాలం కూడా, నాటు పద్ధతిలో గర్భం తీయించుకుని ఒళ్లంతా విషమెక్కినవాళ్లు, కాన్పులో రక్తం పోయి కిడ్నీలు ఆగినవాళ్లు డయాలసిస్ వార్డులకు వచ్చేవారు. చండీగఢ్‌లో కిర్పాల్ సింగ్ చుగ్ ఇలాంటి కేసుల మీద ఏళ్ల తరబడి రాశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య తగ్గింది, ఇంకా పోలేదు. మనకు గర్భం కిడ్నీలను పోగొట్టే కారణంగానే ముందు తెలిసింది. పెద్దవాళ్లు ఇప్పటికీ "కిడ్నీలు పోయినదానికి కడుపేమిటి" అని బెదిరిపోవడంలో ఆ జ్ఞాపకం కొంత ఉందని నాకనిపిస్తుంది.

డబ్బు సంగతి మరో వైపు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2016లో కేంద్రం ప్రకటించిన డయాలసిస్ కార్యక్రమం వల్ల తెలుగు రాష్ట్రాల్లో పేదవాళ్లు కూడా మిషన్ దాకా రాగలుగుతున్నారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో ఇది లేకపోతే ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యేవో. కానీ దేశంలో చాలామందికి ఇప్పటికీ వారానికి రెండుసార్లే, అంటే ఎనిమిది గంటలే. ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తున్న మిషన్ మీద ఒక గర్భిణికి వారానికి ఆరు రోజులు ఎవరిస్తారు? ఊరి నుంచి బస్సులో రోజూ ఎవరు తీసుకొస్తారు? "ఉంచుకోవచ్చా" అన్న ప్రశ్న ఇక్కడ మందుల దగ్గర కన్నా ఈ లెక్కల దగ్గరే ఆగిపోతోంది.

కిడ్నీ మార్పిడి అయితే దారి సులువవుతుంది. కవల సోదరి ఇచ్చిన కిడ్నీతో ఎడిత్ హెల్మ్ అనే అమెరికా మహిళ 1958లోనే బిడ్డను కన్నది. మార్పిడి తర్వాత ఏడాది, రెండేళ్లు ఆగి, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే మైకోఫెనోలేట్ లాంటి మందులు ముందే మార్చుకుని ప్రయత్నించమంటారు. కానీ మన దేశంలో కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. భర్తకు భార్య ఇస్తుంది, కొడుక్కి తల్లి ఇస్తుంది. పాతికేళ్ల కోడలికి కిడ్నీ ఇవ్వడానికి ఆ ఇంట్లో ఎవరు ముందుకొస్తారు?

డయాలసిస్ మొదలుపెట్టిన రోజు ఫిస్టులా (సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) జాగ్రత్తలు చెబుతారు, ఉప్పు, నీళ్ల కొలత చెబుతారు. పిల్లలు కావాలా, వద్దనుకుంటే ఏం వాడుతున్నావు, నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ మూడు మాటలు అప్పుడే అడిగితే, కావాలనుకున్న ఆమెకు మార్పిడి గురించి, గంటల గురించి ముందే మాట్లాడుకునే సమయం దొరుకుతుంది. వద్దనుకున్న ఆమెకు నాలుగో నెలలో స్కానింగ్ గదిలో ఏడ్చే అవసరం రాదు.