పీర్ రివ్యూ: నమ్మకం మీద నడిచిన పద్ధతికి నియమాలు ఎప్పుడు, ఎందుకు వచ్చాయి

2023లో జర్నళ్లు వెనక్కి తీసుకున్న పరిశోధనా పత్రాలు పదివేలు దాటాయి. అందులో ఎనిమిదివేలకు పైగా ఒక్క హిందావీ ప్రచురణ సంస్థవే. చాలావరకు ప్రత్యేక సంచికల్లో, అతిథి సంపాదకుల చేతుల మీదుగా వచ్చినవి. రికార్డుల ప్రకారం ఇవన్నీ పీర్ రివ్యూ, అంటే అచ్చుకు ముందు అదే రంగంలోని నిపుణులు చేసే సమీక్ష, దాటినవే. ఇంత పెద్ద కన్నం ఎలా పడిందో తెలియాలంటే ఈ పద్ధతి దేనికోసం పుట్టిందో ముందు చూడాలి.

1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే శాస్త్ర పత్రికను మొదలుపెట్టినప్పుడు ఏది అచ్చువేయాలో ఆయనే తేల్చుకునేవాడు. 1752లో అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆ పత్రికను తన చేతుల్లోకి తీసుకుని ఎంపిక పనిని ఒక కమిటీకి అప్పగించింది. సమీక్షకులు రాతపూర్వకంగా నివేదిక ఇవ్వడం 1830ల్లో మొదలైంది. విషయం కొత్తదా, వాదన నిలబడుతుందా, సొసైటీ పేరుకు తగ్గట్టు ఉందా అన్నవే వాళ్ల ప్రశ్నలు. రాసినవాడు నిజాయితీపరుడే అన్న నమ్మకం మీదే అంతా నడిచింది. ఆ నమ్మకం ఇప్పటికీ ఈ పద్ధతికి పునాదే.

బయటి నిపుణులకు పంపడం చాలాకాలం తప్పనిసరి కూడా కాదు. 1936లో 'ఫిజికల్ రివ్యూ' ఐన్‌స్టీన్ పత్రాన్ని సమీక్షకు పంపితే, అచ్చుకాకముందే ఇతరులకు చూపించమని తాను చెప్పలేదని ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు. సమీక్షకుడు ఎత్తి చూపిన పొరపాటు నిజమైనదే. మరుసటి ఏడాది వేరే పత్రికలో వచ్చినప్పుడు పత్రం ముగింపు మారిపోయింది. 'నేచర్' పత్రిక ప్రతి పత్రానికీ బయటి సమీక్షను నియమం చేసింది 1973లోనే.

సమీక్షకు వచ్చిన పత్రాన్ని ఇతరులకు చూపకూడదన్న గోప్యత నియమం ఎందుకంత కఠినంగా ఉంటుందో 1979 నాటి ఒక వ్యవహారం చెబుతుంది. ఒక యువ పరిశోధకురాలి పత్రం అమెరికాలోని ఒక ప్రముఖ వైద్య పత్రికకు వెళ్లింది. సమీక్షకుడు దాన్ని తన కింద పనిచేసే పరిశోధకుడికి ఇచ్చాడు. తిరస్కరించమని సలహా వెళ్లింది. కొన్నాళ్లకు అదే అంశంపై ఆ ఇద్దరి పత్రం మరో పత్రికకు చేరింది. ఆ పత్రిక దాన్ని సమీక్షకు పంపింది సరిగ్గా ఆమె పనిచేస్తున్న ప్రయోగశాల పెద్దకే. ఆయన ఆమె చేతికిచ్చాడు. చదివితే తన వాక్యాలే కనిపించాయి! ఆమె పట్టుబట్టాక జరిగిన తనిఖీలో కాపీ ఒక్కటే కాదు, ఆధారాల్లేని అంకెలూ బయటపడ్డాయి. పత్రం అలా తిరిగి ఆమె చేతికే రాకపోయి ఉంటే ఇదంతా తెలిసేదే కాదు. పద్ధతిలో తనిఖీ అన్నది లేదు కదా.

1978లో వాంకూవర్‌లో కలిసిన వైద్య పత్రికల సంపాదకులు మొదట పెట్టుకున్న పని పత్రాల రూపాన్ని ఒకే తీరుకు తేవడమే. రచయిత అంటే ఎవరన్న నియమం 1985లో వచ్చింది. ఇప్పుడు నాలుగు షరతులూ కలిసి ఉండాలి: పరిశోధన రూపకల్పనలోనో డేటా పనిలోనో గణనీయమైన పాత్ర, రాయడంలో లేదా లోతుగా సవరించడంలో భాగం, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. నిధులు తెచ్చినందుకో, విభాగాధిపతి అయినందుకో పేరు చేర్చడం తప్పే.

1997లో బ్రిటన్‌లోని కొందరు వైద్య పత్రికల సంపాదకులు కలిసి 'కోప్' అనే ప్రచురణ నైతికత కమిటీని ఏర్పాటు చేసుకున్నారు. మరుసటి ఏడాదే 'లాన్సెట్'లో 12 మంది పిల్లలపై ఒక పత్రం వచ్చి, టీకాకూ ఆటిజానికీ లంకె ఉందన్న భయాన్ని లేపింది. ప్రధాన రచయితకు న్యాయవాదుల నుంచి డబ్బు అందిన సంగతి అందులో లేదు. అలాంటిది సమీక్షకుడికి పత్రం చదివితే తెలిసేది కాదు. పత్రం పూర్తిగా రద్దయ్యేసరికి 2010 వచ్చింది. పన్నెండేళ్లు! ఆలోగా జరిగిన నష్టాన్ని ఏ ఉపసంహరణా పూడ్చలేదు.

అనుమానం వస్తే ఏం చేయాలో కోప్ అంచెలుగా చెప్పింది. ముందు రచయితను వివరణ అడగాలి, మూల డేటా చూపమనాలి. జవాబు రాకపోయినా, పొంతన లేకపోయినా ఆయన సంస్థకు రాయాలి. విచారణ సాగుతుంటే పాఠకులకు హెచ్చరిక ప్రకటన ఇవ్వొచ్చు. రద్దు చేస్తే ఎవరు, ఎందుకు చేశారో రాసి, అసలు పత్రాన్ని తీసేయకుండా దానిపై ముద్ర వేసి ఉంచాలి. సంస్థలు తమవారిపై విచారణను సాగదీయడమే ఇక్కడ పెద్ద చిక్కు.

సమీక్షకులనే తయారుచేసే మోసం 2012లో బట్టబయలైంది. రచయితలే సమీక్షకుల పేర్లు సూచించవచ్చన్న సౌకర్యాన్ని దక్షిణ కొరియా పరిశోధకుడొకరు వాడుకున్నాడు. ఆయన ఇచ్చిన ఈమెయిళ్లు ఆయనకో, ఆయన తోటివారికో చేరేవి. సమీక్షలు ఒక్క రోజులోపే వస్తుండటంతో సంపాదకుడికి అనుమానం వచ్చింది. 28 పత్రాలు రద్దయ్యాయి. 2017లో 'ట్యూమర్ బయాలజీ' ఇలాంటి మోసానికే ఒకేసారి 107 పత్రాలు తీసేసింది. సమీక్షకుడి ఈమెయిల్‌ను సంస్థ వెబ్‌సైట్‌లోనో, పాత పత్రాల్లోనో సరిచూసుకోవడం అప్పటి నుంచే అలవాటైంది. ఆ పనికి పదినిమిషాలు చాలు.

కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక, డబ్బుకు పత్రాలు రాసిచ్చే పేపర్ మిల్లులు పదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాయి. 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బుజమ్ పెరిల్' (రొమ్ము గండం) అయింది. 2021లో ఇలాంటి వికృత పదబంధాలను వెతికి చూపించినవాళ్లు బయటి పరిశోధకులు. సమీక్షకుడు పత్రాన్ని నిజంగా చదివి ఉంటే ఆ మాట దగ్గర ఆగకుండా ఉండేవాడా?

2023లో కోప్, ఏఐ పరికరం రచయిత కాజాలదని తేల్చింది. అది జవాబుదారీ వహించజాలదు గనుక. సమీక్షకు వచ్చిన పత్రాన్ని గోప్యతకు హామీలేని చాట్‌బాట్‌లో పెట్టడాన్నీ ఇప్పుడు జర్నళ్లు అడ్డుకుంటున్నాయి. చేతికిచ్చిన అముద్రిత పత్రాన్ని మరొకరికి అందించకూడదని ఆ 1979 వ్యవహారం గుర్తుచేసిన గోప్యత నియమమే ఇది.