బుధవారం పుట్టినవాడు కోపిష్ఠా?

పిల్లల పేర్లకు అర్థాలు రాయమని, పేరు మనిషి స్వభావాన్ని మారుస్తుందో లేదో కూడా చెప్పమని ఒక పాఠకురాలు అడిగారు. అర్థాల జాబితాలు ఫోన్‌లో కావలసినన్ని దొరుకుతాయి, వాటి జోలికి పోను. రెండో ప్రశ్న మాత్రం గట్టిది.

దాన్ని పరీక్షించాలంటే ఘనాలోని అకాన్ ప్రజల దగ్గరికి వెళ్లాలి. అక్కడ బిడ్డకు ఇంకే పేరు పెట్టినా, పుట్టిన వారాన్ని బట్టి వచ్చే పేరొకటి ఉంటుంది. మగపిల్లవాడు సోమవారం పుడితే క్వాడ్వో, బుధవారమైతే క్వాకు, శుక్రవారమైతే కోఫీ. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పుట్టిన 1938 ఏప్రిల్ 8 శుక్రవారమే. ఆడపిల్లలకు వేరే ఏడు పేర్లు. 1900లో బ్రిటిష్‌వారి మీద యుద్ధం నడిపిన యా అసాంతెవా గురువారం బిడ్డ.

ఒక్కో వారానికి ఒక్కో స్వభావం అంటగడతారు. అకాన్‌లలో ఒక తెగ అయిన అశాంటీల ప్రాంతంలో క్వాడ్వో నెమ్మదస్తుడని, క్వాకు దుడుకువాడని నమ్మకం. గుస్తావ్ జహోడా అనే మనస్తత్వవేత్త అక్కడి కుమాసీ నగరంలో బాలనేరస్థుల కోర్టు రికార్డులు తిరగేసి, 1954లో ఫలితాలు ప్రచురించాడు. క్వాడ్వోలు ఉండాల్సినంతమంది లేరు. మనుషుల మీద దాడి కేసుల్లో క్వాకులు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్నారు.

ఇందులో నాకు బాగా నచ్చేది వారం. మామూలుగా పేరుకీ స్వభావానికీ లంకె కనిపిస్తే నమ్మడానికి లేదు, ఎందుకంటే పేరు తల్లిదండ్రులు పెడతారు. చదువు, డబ్బు, కులం, మతం అన్నీ దాంట్లో కలిసిపోయి ఉంటాయి. వారం అలా కాదు, అది లాటరీ. డబ్బున్న ఇంట్లోనైనా లేని ఇంట్లోనైనా కాన్పు బుధవారం రావడానికి అవకాశం ఏడింట ఒకటి, అంటే సుమారు 14.3 శాతం. కాబట్టి రికార్డుల్లో తేడా కనిపిస్తే, అది కాకతాళీయం కాకపోతే, వంశం వల్లో పేదరికం వల్లో వచ్చిందనలేం. మిగిలేవి రెండు దారులు. ‘క్వాకు కదా, కొడతాడు’ అని చిన్నప్పటి నుంచీ వింటూ వాడు నిజంగానే దుడుకుగా తయారై ఉండాలి. లేదా గొడవ జరిగినప్పుడు పదిమందిలో క్వాకు మీదే ముందుగా అనుమానం పడి ఉండాలి. ఈ రెంటినీ కోర్టు రికార్డు విడదీయలేదు. ఏ దారిన చూసినా బుధగ్రహానికి ఇందులో పని లేదు!

మన దగ్గర ఇదే పరీక్ష పెట్టడం కష్టం. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే చోట లాటరీ ఎక్కడిది? పైగా మనకు 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. ఒక్కో అక్షరం వాటా ఒక శాతం కూడా ఉండదు. తేడా ఉన్నా తేలాలంటే వేలకొద్దీ రికార్డులు కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. క్వాకు అని పిలవగానే వారం వీధంతా తెలుస్తుంది. మనమ్మాయిది మూలా నక్షత్రమని బడిలో టీచరుకు తెలియదు, పక్కింటివాళ్లకూ తెలియదు. ‘మామగారికి గండం’ అనే మాట ఆ పిల్లకు తగిలేది జాతకాలు చూసే రోజునే, అప్పటికి ఆమె స్వభావం ఎప్పుడో ఏర్పడిపోయి ఉంటుంది.