ఏసీ గొట్టం కింద బకెట్టు

నెల్లూరు దర్గామిట్టలోని ఒక కార్యాలయం వెనకగోడ దగ్గర, ఏసీ నుంచి దిగే సన్నని గొట్టం కింద ఎవరో పాత పెయింటు బకెట్టు పెట్టారు. అవి కార్తీక మాసపు రోజులు. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి పొద్దున ఎండ జాడే లేదు. అయినా భోజనాల వేళకు ఆ బకెట్టు నిండి పొర్లుతోంది.

ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని తేమను కూడా పిండుతుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న కోస్తా గాలిలో ఘనపు మీటరుకు సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది; 24 డిగ్రీల వద్ద 50 శాతం తేమ ఉన్న గాలిలో అది 11 గ్రాములే. కాబట్టి 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలంతా పోయి బయటిగాలి ఒక్కసారి వచ్చి చేరితే, ఏసీ దాదాపు ఒక లీటరు నీటిని తీయవలసి వస్తుంది. ఆ ఒక్క లీటరుకే సాధారణ యంత్రం పావు యూనిట్టుకు కాస్త తక్కువగా కరెంటు తీసుకుంటుంది. గాలిని చల్లబరిచే ఖర్చు దానికి అదనం.

ఆ కార్యాలయంలో తలుపు మూసే ఉంది, తెరిచి ఉన్నది కిటికీ. రిమోటు సూపరింటెండెంటు గారి సొరుగులో ఉంటుంది. గది త్వరగా చల్లబడుతుందని ఆయన పొద్దున్నే 16 పెడతారు. ఒకే వేగంతో తిరిగే పాతరకం కంప్రెసరుకు 16 పెట్టినా 24 పెట్టినా చల్లబరిచే వేగం మారదు, ఎక్కడ ఆగాలన్నదే మారుతుంది. పదకొండు గంటలకల్లా ఏసీకి ఎదురుగా కూర్చునే ఆవిడ కొంగు కప్పుకుంటారు; ఆయనను అడగడానికి మొహమాటపడి, కాసేపటికి తన వెనక కిటికీ రెక్క జానెడు తెరుస్తారు. బకెట్టు నిండేది ఆ జానెడు సందు వల్లనే.

మన దేశంలో స్టార్ గుర్తుతో అమ్మే గది ఏసీలు, ఎవరూ మార్చకపోతే, ఆన్ చేయగానే 24 డిగ్రీలతోనే మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమలులో ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపును చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. ఎవరి అలవాటునూ మార్చమని అడగకుండా, రిమోటు ముట్టుకోని బద్ధకాన్నే ఆదాగా మలచుకోవడం ఈ నిబంధనలోని తెలివి అని నాకనిపిస్తుంది. సొరుగులో రిమోటు ఉన్న చోట మాత్రం అది పారదు. పైన 75 వాట్ల ఫ్యాను తిరుగుతుంటే 26 డిగ్రీలు కూడా సుఖంగానే ఉంటాయి గానీ, కాగితాలు ఎగురుతాయని దాన్ని ఆపేస్తారు.

భవనం ఒక్కటే అయినా మనుషులు మారితే ఖర్చు మారుతుందని 1970లలోనే తేలింది. అమెరికాలో న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే చోట ఒకే నమూనాలో కట్టిన ఇళ్ళను ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించగా, ఇళ్ళను వెచ్చబరచడానికి అయ్యే ఇంధనంలో రెండింతలకు మించిన తేడా కనిపించింది. బ్రిటన్‌లో హంట్ అనే పరిశోధకుడు 1979లో కార్యాలయాల దీపాలను గమనించి, జనం గదిలోకి వస్తూనే వెలుతురును బట్టి దీపం వేస్తారనీ, తర్వాత ఎంత వెలుతురు వచ్చినా అందరూ వెళ్ళేదాకా సాధారణంగా ఆర్పరనీ రాశాడు.

దర్గామిట్ట కార్యాలయంలోనూ పొద్దున ముసురుకు వేసిన ట్యూబులైట్లు మధ్యాహ్నం మబ్బు విడిచినా వెలుగుతూనే ఉన్నాయి. సాయంత్రం అటెండరు వాటిని ఆర్పి, కిటికీ రెక్క మూసి, బకెట్టు నీళ్ళు మెట్ల పక్కనున్న మందార కుండీలో పోస్తాడు.