బావురు పిల్లి, రిడ్లే తాబేలు: కోరింగ చుట్టుపక్కల వినే అపోహలు

కాకినాడ నుంచి అంతర్వేది దాకా మడ అడవుల్లో, తీరంలో వన్యప్రాణుల సర్వేలు చేస్తుంటాను. ఎక్కడికెళ్లినా మడ అడవుల్లోని బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్), తీరానికొచ్చే రిడ్లే సముద్రపు తాబేలు, ఈ రెండిటి గురించే అడుగుతారు.

అపోహ: బావురు పిల్లి అంటే చిరుతపులి కూనే.

వాస్తవం: కాదు. ఒంటి మీది మచ్చలు చూసి అలా అనుకుంటారు. చిరుత పాంథెరా ప్రజాతి, ఇది ప్రయోనైల్యూరస్. బాగా పెరిగిన మగది కూడా 16 కిలోలు దాటడం అరుదు. తోక పొట్టి. చేపలు, పీతలు, ఎలుకలు తింటుంది. రొయ్యల చెరువు గట్టు మీద కనిపిస్తే కర్రలతో చుట్టుముట్టకండి, దారి వదిలితే అదే పోతుంది.

అపోహ: ఏ జీవికి ఎంత ముప్పుందో అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ బావురు పిల్లిని 2016లో 'ఎండేంజర్డ్' (అంతరించే ప్రమాదంలో ఉన్నది) నుంచి ఒక మెట్టు తక్కువ ముప్పున్న 'వల్నరబుల్'కి మార్చిందంటే, సంఖ్య పెరిగినట్టే.

వాస్తవం: ఆ అంచనా కూడా సంఖ్య తగ్గుతోందనే చెప్పింది.

అపోహ: తాబేలు నీళ్లలో బతికేదే, వలలో పడితే ఏమవుతుంది?

వాస్తవం: చచ్చిపోతుంది. అది చేప కాదు, సరీసృపం. గాలి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ వల గంటల తరబడి నీళ్లలోనే ఉంటే లోపల ఊపిరాడదు. ఉప్పాడ వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వలకు టెడ్ అనే చట్రం బిగిస్తే తాబేలు బయటపడుతుంది. దాంతోపాటు కొంత చేప కూడా పోతుందని బోటు వాళ్లు అంటారు, ఆ బాధ నిజమే. కానీ హోప్ ఐలాండ్ దగ్గర గుడ్లు పెట్టే కాలం జనవరిలోనే మొదలవుతుంది. ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం వచ్చేసరికి అది చాలామటుకు అయిపోతుంది. అందుకే టెడ్ తప్పదంటాను.

అపోహ: రెండూ 'వల్నరబుల్' కదా, రెండిటికీ ఒకే పథకం చాలు.

వాస్తవం: ఆ ముద్ర ముప్పు ఏ స్థాయిలో ఉందో చెబుతుంది, ముప్పు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. పిల్లికి మడ చెట్లు, గట్ల మీద తుప్పలు మిగలాలి. తాబేలుకు ఖాళీ ఇసుక, సముద్రంలో జాగ్రత్తగా వేసిన వల కావాలి. పైగా తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికే పదేళ్లకు పైగా పడుతుంది. పెద్ద తాబేలు ఒకటి పోతే ఆ లోటు తీరడానికి అంత కాలం ఆగాల్సిందే.

అపోహ: చంపితేనే నేరం, గుడ్లు తీస్తే కాదు.

వాస్తవం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో బావురు పిల్లి, రిడ్లే తాబేలు రెండూ మొదటి షెడ్యూల్‌లోనే, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే ఉన్నాయి. సరీసృపాల గుడ్లు తీయడం, పాడుచేయడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే.