ఎంప్లాన్ చదువు: నగర ప్రణాళికపై అపోహలు - వాస్తవాలు

పీజీ ప్రవేశ పరీక్ష గేట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. ఎంప్లాన్ (మాస్టర్ ఆఫ్ ప్లానింగ్, అంటే నగర ప్రణాళికలో పీజీ) చదివి ఏళ్లుగా పట్టణ ప్రణాళికలోనే పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: ఇది ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకే.

వాస్తవం: బీఆర్క్, బీప్లాన్, సివిల్ ఇంజినీరింగ్ వాళ్లతో పాటు చాలాచోట్ల జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీలో పీజీ చేసినవాళ్లూ అర్హులే. గేట్ ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్లో కొంత భాగం అందరికీ ఉమ్మడి, మిగతాది ఆర్కిటెక్చర్ గానీ ప్లానింగ్ గానీ ఎంచుకోవచ్చు. మా బ్యాచ్‌లో బొమ్మ గీయడం రాని ఎకనామిక్స్ అమ్మాయి ఒకరు ఉండేవారు. ఊరి చివర కట్టిన కాలనీకి పేదవాళ్లు ఎందుకు వెళ్లడం లేదో అద్దె, బస్సు చార్జీల లెక్కతో మాకు తేల్చి చెప్పింది ఆమే.

అపోహ: సుస్థిర నగరం అంటే మొక్కలు, సైకిల్ ట్రాకులు, సోలార్ ప్యానెళ్లు.

వాస్తవం: అవీ కావాలి. నేను మాత్రం ముందు నీళ్లు ఎటు పారతాయో చూస్తాను. విజయవాడ సంగతే తీసుకోండి. బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుంది. దాని వరదను వెలగలేరు దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ ఛానల్ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే అంత నిండుగా ఉంటే ఛానల్ నీళ్లను ఎక్కడ కలుపుకుంటుంది? బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి.

వరద తీశాక అటు సర్వేకు వెళ్లాం. ఒక పెద్దావిడ ఇంటి గోడ మీద మట్టి చార చూపించారు. టేపు పెడితే నా భుజం దాటింది. "ఈ వెనక సందు ఒకప్పుడు కాలవేనమ్మా, మా అత్తగారు అక్కడే బట్టలు ఉతికేది" అన్నారు. ఏ నేలను దేనికి వాడాలో చూపే ల్యాండ్ యూజ్ మ్యాపు నా చేతిలో ఉంది. అందులో ఆ సందుకు పసుపు రంగు ఉంది, అంటే నివాస ప్రాంతం. ఆ పసుపు ఎప్పుడు వేశారు, కింద నేల ఎంత ఎత్తులో ఉంది అని అడగడం నేర్పేదే ఈ చదువు. పాత సర్వే రికార్డులు వెతికి, నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాపు చదివి, జీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. స్టూడియోలో, అంటే ప్రాజెక్టులు చేసే క్లాసులో, రాత్రుళ్లు వీటికే పోతాయి.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తీరిపోతుంది.

వాస్తవం: కొన్నాళ్లు తీరుతుంది. దారి ఖాళీగా ఉందని మరిన్ని బండ్లు వచ్చి చేరతాయి. వెడల్పు కోసం ఫుట్‌పాత్ తీసేస్తే బస్టాప్‌కు నడిచి వెళ్లేవాళ్లు కూడా బైక్ కొనుక్కుంటారు.

అపోహ: చదివాక ప్రభుత్వోద్యోగం రాకపోతే అంతే.

వాస్తవం: కన్సల్టెన్సీలు, రవాణా సంస్థలు, గృహనిర్మాణం, పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు అన్నీ ఉన్నాయి. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడవని ఇంట్లో ముందే చెప్పండి.

అపోహ: ప్లానర్ గీసిందే నగరం.

వాస్తవం: 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలను చెప్పింది. వాటిలో మొదటిదే పట్టణ ప్రణాళిక. అయినా చాలా నగరాల్లో నగరం ఎలా పెరగాలో చెప్పే మాస్టర్ ప్లాన్ తయారుచేసేది ప్రభుత్వం ఏర్పాటు చేసిన అభివృద్ధి సంస్థలే. జనం ఓటేసిన కార్పొరేటర్‌కు అందులో పెద్దగా పాత్ర ఉండకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. డ్రాఫ్ట్ ప్లాన్ మీద అభ్యంతరాలు చెప్పడానికి జనానికి గడువైతే ఇస్తారు, కానీ ఆ మ్యాపు చదవగలిగేది ఎంతమంది? అందుకే వీలైనప్పుడల్లా దాన్ని పెద్దగా ప్రింట్ తీసి కాలనీకి పట్టుకెళ్తాను. మొన్న ఒకాయన తన సర్వే నంబరు వెతుక్కుని, దాని మీదుగా పోతున్న గీత మీద వేలు పెట్టి, "మేడమ్, ఈ రోడ్డు మా వంటింట్లోంచి పోతోందే!" అన్నారు. గడువుకు ఇంకా తొమ్మిది రోజులుంది. అక్కడే కూర్చుని అభ్యంతరం రాశాం.