పాత కారు టైరుకు ఎంత గాలి? తగాదా వెనుక ఉన్న అసలు మలుపు

పాత కార్ల యజమానుల మధ్య గాలి తగాదా మళ్లీ రాజుకుంది. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన హ్యాండ్‌బుక్‌లో ఏ అంకె ఉంటే అంతే గాలి కొట్టించాలని ఒక వర్గం పట్టుబడుతోంది. అరవై ఏళ్ల నాటి అంకెను ఇప్పటి టైర్లకు వాడితే ప్రమాదమని, నాలుగు చక్రాలకూ 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకుంటే గొడవే ఉండదని రెండో వర్గం అంటోంది. పాత కార్ల పని తెలియని టైరు దుకాణాల్లోనూ ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

గాలి టైరు ఎలా పుట్టింది, ఎవరు కనిపెట్టారు అన్నది చాలామందికి తెలిసిన కథే. ఇవాళ్టి తగాదాకు దానితో పని లేదు. దీని మూలం 1946లో ఉంది. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకున్న సంవత్సరం అది. 1949లో ఆ టైరు మార్కెట్లోకి వచ్చింది. హ్యాండ్‌బుక్‌లోని అంకెకూ చక్రానికి ఉన్న టైరుకూ సంబంధం తెగడం అప్పుడే మొదలైంది.

అంతకుముందు కార్లకు ఉన్నవి క్రాస్ ప్లై టైర్లు. వాటిలో దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, ఎదురెదురు దిశల్లో పరచి ఉంటాయి. టైరు పక్క భాగం బిరుసుగా ఉంటుంది, బరువులో కొంత అదే మోస్తుంది. అందుకే తక్కువ గాలితోనూ నిలబడేది. నాటి గతుకుల రోడ్ల మీద, పట్టీ స్ప్రింగుల మీద నడిచే కారులో కూర్చున్నవాళ్ల నడుములు నిలవాలంటే గాలి తక్కువగా ఉండటమే మేలు కూడా. రేడియల్ టైరులో దారాలు రిమ్ము అంచు నుంచి అంచుకు నిటారుగా సాగుతాయి. నేలను తాకే భాగం కింద ఉక్కు పట్టీ ఉంటుంది. పక్క భాగం మెత్తన, కాబట్టి దాన్ని నిలబెట్టాల్సిన భారం దాదాపు అంతా గాలి మీదే పడుతుంది. క్రాస్ ప్లైకి సరిపోయిన 20 పీఎస్‌ఐ దగ్గర అదే కారుకు వేసిన రేడియల్ ఎక్కువగా నలుగుతుంది, వేడెక్కుతుంది. అంచులు ముందుగా అరుగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది.

రేడియల్ సరిగ్గా గాలి ఉన్నప్పుడు కూడా కింద కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. అవి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ ఉబ్బు చూసి గాలి పోయిందనుకుని అవసరానికి మించి కొట్టించినవాళ్లు చాలామంది. కంటి చూపుతో గాలి అంచనా వేసే అలవాటు అక్కడితో పనికిరాకుండా పోయింది. పాత మెకానిక్కులు వాడే సుద్ద గీత పరీక్ష కూడా అంతే. టైరు మీద అడ్డంగా సుద్దతో గీత గీసి, తిన్నగా కొంత దూరం నడిపి చూస్తారు. మధ్యలో చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. క్రాస్ ప్లైకి ఇది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. రేడియల్‌లో ఉక్కు పట్టీ ఆ భాగాన్ని చదునుగా పట్టి ఉంచుతుంది కాబట్టి, గాలి కొన్ని పీఎస్‌ఐలు తగ్గినా గీత సమంగానే చెరగవచ్చు. దాన్ని నమ్ముకోకూడదు.

మార్పు అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. యూరప్‌లో 1950, 60 దశకాల్లో రేడియల్ మెల్లగా పాకింది. అమెరికాలో రేడియల్ టైర్లు ప్రామాణికంగా అమర్చిన తొలి కారు 1970 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 3. అంటే దాదాపు ఇరవై ఏళ్ల పాటు తయారైన కార్లకు ఒక రకం టైరును ఉద్దేశించి హ్యాండ్‌బుక్కులు రాశారు. ఆ కార్లలో చాలావాటి చక్రాలకు ఇవాళ ఉన్నది ఇంకో రకం. హ్యాండ్‌బుక్ తప్పు చెప్పలేదు. అది చెప్పిన టైరు ఇప్పుడు ఆ కారుకు లేదు, అంతే.

కారు తయారీ ఆగకముందే టైరు మారితే కంపెనీలు ఏం చేశాయో చూస్తే చాలా సందేహాలు తీరతాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే తీసుకోండి. ఇంజను వెనుక ఉన్న కారు అది. 5.60-15 క్రాస్ ప్లై టైర్లతో, ఒకరిద్దరు ప్రయాణిస్తే, ముందు 16, వెనుక 24 పీఎస్‌ఐ అని చెప్పారు. తర్వాత రేడియల్ వేసిన కార్లకు ముందు 18, వెనుక 27 అన్నారు. రెండు జతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు ఎనిమిదో వంతు పెరిగాయి. ముందూ వెనుకల నిష్పత్తి మాత్రం అప్పుడూ రెండుకు మూడే, ఇప్పుడూ రెండుకు మూడే. టైరు మారిందని అంకె పెంచారు, కారు మారలేదు కాబట్టి నిష్పత్తి జోలికి పోలేదు. తగాదాపడుతున్న రెండు వర్గాలూ ఈ సంగతిని పట్టించుకోవడం లేదు.

నాలుగు చక్రాలకూ 32 కొట్టమనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన కారు మరొకటి ఉంది, 1960 మోడల్‌గా వచ్చిన షెవర్లే కోర్వెయిర్. దీనికీ ఇంజను వెనుకే. బరువు వెనక్కి ఎక్కువగా ఉండటంతో మలుపుల్లో తోక విసిరే స్వభావం ఉంది. దానికి విరుగుడుగా జనరల్ మోటార్స్ ముందు టైర్లకు 15, వెనుక టైర్లకు 26 పీఎస్‌ఐ పెట్టమంది. ముందు గాలి తక్కువగా ఉంటే మలుపులో ముందు టైర్లే మొదట పట్టు సడలుతాయి, తోక అదుపులో ఉంటుంది. ఆ 11 పీఎస్‌ఐ తేడా కారు నడకలో ఒక భాగం. పెట్రోలు బంకులో ఎవరైనా నాలుగింటికీ ఒకే గాలి కొడితే ఆ ఏర్పాటు మొత్తం పోయినట్టే.

1965లో అమెరికా వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ ఈ కారును తీవ్రంగా విమర్శించాడు. ఒక కారు భద్రతను గాలి గేజీ మీద ఆధారపడేలా చేయడం సరికాదన్న వాదనలో బలముంది. 1964 మోడల్‌కే కంపెనీ ముందు వైపు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) చేర్చింది, 1965లో వెనుక సస్పెన్షన్‌ను పూర్తిగా మార్చింది. తర్వాత 1972లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ, అదుపు తప్పే విషయంలో కోర్వెయిర్ నాటి ఇతర కార్ల కన్నా హీనం కాదని తేల్చింది. ఈ రెంటిలో ఏది నమ్మినా, ఇవాళ తొలినాళ్ల కోర్వెయిర్ నడిపేవాళ్లు చేయకూడని పని మాత్రం ఒకటే, ముందూ వెనుకా సమానంగా కొట్టించడం.

మరి ఆ 32 ఎక్కడి నుంచి వచ్చింది? కొంతవరకు ఇప్పటి కార్ల అలవాటు. కొంత భయం. 1968 నుంచి అమెరికాలో టైరు మీదే గరిష్ఠ బరువు, గరిష్ఠ ఒత్తిడి ముద్రించాలన్న నియమం వచ్చింది. ఆ ముద్రించిన అంకెను దాటకూడదనే దాని అర్థం. అంతే కొట్టించాలని చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు వేసినవి. ఫోర్డ్ ఆ బండికి 26 పీఎస్‌ఐ చెప్పింది, ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. తప్పెవరిదన్న దానిపై రెండు కంపెనీలూ ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. అదే ఏడాది నవంబరులో అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. గాలి 25 శాతం తగ్గితే హెచ్చరించే పరికరం 2007 సెప్టెంబరు తర్వాత అక్కడి కొత్త కార్లన్నిటిలో తప్పనిసరైంది. ఆ తర్వాత టైరు పనిలోకి వచ్చిన కుర్రవాడి కంటికి 18 పీఎస్‌ఐ ఒక లోపంలాగే కనిపిస్తుంది. అతణ్ని తప్పుపట్టలేం, అతను నేర్చుకున్న కార్లు వేరు.

తేలిక కారుకు అంత గాలి ఎందుకు అక్కర్లేదో లెక్కలోనే తెలుస్తుంది. బీటిల్‌కు వేసే 155 ఆర్ 15 రేడియల్ లోడ్ ఇండెక్స్ 82, అంటే 36 పీఎస్‌ఐ దగ్గర ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదు. కారు నిండా మనుషులున్నా ముందు ఒక్కో చక్రంపై పడేది దానిలో సగం దరిదాపుల్లోనే. అక్కడ 32 కొట్టిస్తే టైరు నేలను తాకే చోటు కుంచించుకుపోతుంది. కారు గతుకుల మీద ఎగురుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టదు, మధ్య భాగం త్వరగా అరిగిపోతుంది.

పాతదంటే తక్కువ గాలి అనుకోవడమూ పొరపాటే. 1923లో ఫైర్‌స్టోన్ బెలూన్ టైర్లు రాకముందు కార్లకు సన్నటి టైర్లు ఉండేవి, 50, 60 పీఎస్‌ఐ సాధారణం. వాటిలో రిమ్ము కొక్కెంలో ఇమిడే రకానికి అంచులో ఉక్కు తీగ ఉండదు. లోపలి గాలి నొక్కి పట్టడం వల్లే అంచు రిమ్ములో నిలుస్తుంది. అలాంటి కారుకు 32 కొడితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. ఒకే అంకెను అన్ని కార్లకూ రుద్దేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? ఇప్పటికీ క్రాస్ ప్లై టైర్లే వేస్తున్నారా, హ్యాండ్‌బుక్ వర్గం చెప్పిందే సరి. హైవే మీద ఆగకుండా వేగంగా వెళ్లే ప్రయాణాలకు ఎంత పెంచాలో చాలా హ్యాండ్‌బుక్కుల్లో విడిగా రాసి ఉంటుంది, దాన్నీ చూడాలి. రేడియల్ వేస్తే, అదే మోడల్‌కు కంపెనీ తర్వాత ఇచ్చిన రేడియల్ అంకె వెతకాలి. దొరక్కపోతే పాత అంకె మీద ముందూ వెనుకా ఒకే నిష్పత్తిలో కొంచెం కొంచెం పెంచుతూ చూడాలి. కారు కదలకుండా కనీసం మూడు గంటలు ఉన్నాకే గాలి కొలవాలి. చుట్టూ వాతావరణం ఐదారు డిగ్రీల సెల్సియస్ మారితేనే ఒక పీఎస్‌ఐ తేడా వస్తుంది. అరగంట నడిపాక మళ్లీ కొలిస్తే నాలుగు పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పెరిగిందా, బయల్దేరినప్పుడు గాలి తక్కువే ఉందన్నది డ్రైవర్లలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. ముందు రేడియల్, వెనుక క్రాస్ ప్లై ఎప్పుడూ వేయకూడదు. అప్పుడు ఎంత గాలి కొట్టినా తోక నిలవదు.

రేడియల్ అంకె ఏనాడూ ప్రకటించని కార్లు కూడా ఉన్నాయి. అసలు చిక్కు వాటితోనే. మనుషులూ సామాన్లతో సహా ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ విడివిడిగా తూకం వేయించాలి. ఆ బరువులకు ఏ ఒత్తిడి కావాలో టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టికలో చూసుకోవాలి. హ్యాండ్‌బుక్ చెప్పిన ముందూ వెనుకల తేడా అందులో నిలుస్తోందో లేదో సరిచూసుకున్నాకే గాలి కొట్టించాలి.